కామెర్లు తగ్గించిన పసరు కిడ్నీకి ఎందుకు పనిచేయదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే రక్తపరీక్ష కంటే ముందు ఒక ఊరి పేరు వినపడుతుంది. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, పరగడుపున పోవాలి, మూడు మోతాదులు తాగితే చాలు, డబ్బులు కూడా తీసుకోరు. తెల్లవారకముందే ఆ ఇంటి అరుగు మీద పది మంది కూర్చుని ఉంటారు. లోపల రోట్లో ఆకు నూరుతున్న చప్పుడు. గుడ్డలో వేసి పిండిన పసరును మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి గ్లాసుతో ఇస్తారు. అది ఏ ఆకో చెప్పరు, చెబితే గుణం పోతుందని నమ్మకం. ఆ తర్వాత పథ్యం: నూనె వద్దు, ఉప్పు వద్దు, మాంసం మాట ఎత్తొద్దు, మజ్జిగన్నంతో సరిపెట్టుకోవాలి. మూడు నాలుగు వారాలు తిరిగేసరికి కళ్లు తెల్లబడతాయి. ఆకలి పుడుతుంది. మనిషి పొలానికి పోతాడు.

ఇందులో అబద్ధమేమీ లేదు. పసరు పోసిన పెద్దాయన తన కళ్లతో చూసిందే చెబుతున్నాడు. ఆయన చూడనిది ఒకటే, పసరు తాగకుండా ఇంట్లో పడుకున్నవాళ్లకు ఏమైందన్నది. మన ఊళ్లలో వచ్చే కామెర్లలో చాలా భాగం కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లవి. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో శరీరమే ఆ వైరస్‌ను వదిలించుకుంటుంది, లివర్ తిరిగి కోలుకుంటుంది. మామూలు కేసుల్లో వీటికి ఆస్పత్రిలో కూడా ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి తీసుకోమంటారు, తినగలిగింది తినమంటారు, లివర్ మీద భారం వేసే మాత్రలు ఆపిస్తారు. దానంతటది తగ్గే రోగానికి ఏ మందు వేసినా ఆ మందుకే పేరొస్తుంది.

ఒక ఆకుకు మాత్రం అసలైన పరీక్ష జరిగింది. అది నేల ఉసిరి. వానాకాలం పోగానే గట్ల మీద, పెరట్లో కుండీల పక్కన దానంతటదే మొలిచే చిన్న మొక్క. 1988లో మద్రాసు పరిశోధకులు లివర్‌ను పట్టే మరో వైరస్ హెపటైటిస్-బి ఒంట్లో ఉండిపోయినవాళ్లకు నేల ఉసిరి పొడి ఇచ్చి చూశారు. పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం ప్రపంచాన్ని ఆకర్షించింది. తర్వాత వేరే చోట్ల, వేరే పరిశోధకులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం తిరిగి రాలేదు. నాటుమందును సైన్సు అసలు పట్టించుకోదనే ఫిర్యాదుకు ఈ కథ మంచి జవాబు. పట్టించుకుంది, ఆశపడింది, మళ్లీ చూసింది, నిలబడలేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, కామెర్లు ఒక రోగం పేరు కాదు, ఒక గుర్తు. పిత్తాశయంలోంచి రాయి జారి నాళానికి అడ్డం పడినా కళ్లు పచ్చబడతాయి. క్లోమగ్రంథి తలభాగంలో గడ్డ వచ్చినా పచ్చబడతాయి. టీబీ మాత్రలు లివర్‌కు పడకపోయినా, ఎలుక జ్వరం వచ్చినా అంతే. ఒళ్లంతా దురద, సున్నంలా తెల్లటి విరేచనం, నొప్పి లేకుండా రోజురోజుకూ ముదిరే పచ్చదనం, తగ్గిపోతున్న బరువు, ఇవి కలిసి కనిపిస్తే అది నాళం మూసుకుపోయిన కామెర్లు కావచ్చు. అలాంటి మనిషి మూడు మోతాదుల పసరుకు, నలభై రోజుల పథ్యానికి ఆగితే ఆపరేషన్‌కు వీలున్న సమయం కాస్తా దాటిపోతుంది. గర్భిణికి కామెర్లు వస్తే అసలు ఎదురుచూడకూడదు. నెలలు నిండుతున్నప్పుడు హెపటైటిస్-ఇ ప్రాణాల మీదకు తెస్తుంది.

2021 మే నెలలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో జరిగింది కూడా ఈ లెక్కే, కాకపోతే రాష్ట్రమంతా చూసేంత పెద్దగా జరిగింది. నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కోవిడ్ మందు కోసం వేల మంది ఊరి మీదకు వచ్చారు. ఆక్సిజన్ సిలిండర్ల కోసం, బెడ్ల కోసం జనం అల్లాడుతున్న రోజులవి. పెద్దాస్పత్రిలో బెడ్డు దొరకనివాడు ఉచితంగా పెట్టే లేహ్యం కోసం క్యూ కట్టడంలో మూఢత్వం కంటే గత్యంతరం లేకపోవడమే ఎక్కువ. కోవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఎలాగూ కోలుకుంటారు కాబట్టి తగ్గిందని చెప్పేవాళ్లకు కొదవ లేదు. కంటి చుక్కలు వేయగానే ప్రాణం లేచొచ్చిందని వీడియోలో చెప్పిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు కొద్ది రోజులకే నెల్లూరు ప్రభుత్వాస్పత్రిలో చనిపోయారు. మొదటి వీడియో చూసినంత మంది ఆ వార్త చదివారా అన్నది అనుమానమే. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలను పక్కనపెట్టి మిగతా వాటికి అనుమతి ఇచ్చింది. ఇస్తూనే, దీనివల్ల కోవిడ్ తగ్గుతుందన్న నిర్ధారణ లేదని, డాక్టర్లు రాసిన మందులు ఆపొద్దని కూడా చెప్పింది. జనంలోకి అనుమతి మాట వెళ్లింది, రెండో మాట వెళ్లలేదు.

ఇక అసలు కష్టం పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాలది. కనిగిరి, పామూరు, వెలిగండ్ల, చంద్రశేఖరపురం, పొదిలి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు అన్నది మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ ఎముకల్ని వంచేస్తుందన్న సంగతిని మన దేశంలో మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది కూడా ఈ ప్రాంతం నుంచే. 1937లో షార్ట్, ఆయనతో పనిచేసిన డాక్టర్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరులోవే, ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో. ఎముకల్లో ఒకసారి చేరి గట్టిపడిన ఫ్లోరైడ్‌ను బయటికి లాగే మందు ఇంతవరకు లేదు. నీళ్లు మార్చడం, కాల్షియం, విటమిన్-సి ఉన్న తిండి తినడం మాత్రమే చేయగలిగినవి.

మోకాళ్లు పట్టేసి, నడుం వంగిపోయి, రాత్రి నిద్ర పట్టని మనిషి ఏం చేస్తాడు? మందుల షాపులో ‘నొప్పుల బిళ్ల’ అడిగి తెచ్చుకుంటాడు. డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి. ఏళ్ల తరబడి, అదీ మే నెల ఎండలో ఒళ్లు ఎండిపోయి పనిచేస్తూ వేసుకుంటే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. బిళ్లలతో విసిగినవాడికి ఎవరో ‘ఆయుర్వేద పొడి’ చెబుతారు. తిన్న రెండో రోజుకే నొప్పులు ఎగిరిపోతాయి. సంతోషించే ముందు అనుమానపడాల్సింది ఇక్కడే. ఏ మూలికా రెండు రోజుల్లో అంత పని చేయదు. పేరూ ఊరూ లేని పొడుల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపిన కేసులు దేశమంతా బయటపడ్డాయి. ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, పొడి మానగానే మనిషి కూలబడిపోవడం దాని ఆనవాళ్లు.

మరికొన్నిటిలో పాదరసం, సీసం ఉంటాయి. 2004లో అమెరికాలో బోస్టన్ దుకాణాల్లో దొరికిన 70 దక్షిణాసియా ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో విషలోహాలు తేలాయి. 2022లో దక్షిణ భారత వైద్యులు ఒక రకం కిడ్నీ జబ్బుకూ, పాదరసం ఉన్న దేశవాళీ మందులకూ సంబంధం ఉందని చూపించారు. మూత్రంలో ప్రోటీన్ పోతూ కాళ్లు వాచే జబ్బు అది. ఊరట ఏమిటంటే, మందు ఆపేశాక వాళ్లలో చాలామందికి అది తగ్గుముఖం పట్టింది. చెట్టుదే కదా అని ఊరుకోవడానికీ లేదు. మన చేల గట్ల మీద కనిపించే గాడిదగడపాకు జాతి మొక్కల్లో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అదే జాతి మూలిక కలిసిన సన్నబడే మందు తిన్న బెల్జియం ఆడవాళ్ల కిడ్నీలు పాడైపోయాయని 1993లో బయటపడింది. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది.

పడమటి ప్రకాశంలో ఇంత కిడ్నీ జబ్బు ఎందుకుందో ఒక్క కారణం చెప్పి చేతులు దులుపుకునే పరిస్థితి లేదు. నీళ్లు, ఎండ, నొప్పి మాత్రలు, షుగర్, బీపీ అన్నీ అనుమానితులే. ఆ ఊళ్లలో ‘క్రియాటిన్ ఎంతుంది?’ అన్నది ఇప్పుడు కుశలప్రశ్న. కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూసేందుకు డాక్టరు రాసే క్రియాటినిన్ పరీక్షకు జనం పెట్టుకున్న పేరు అది. ఆ అంకె మీదే సకల కషాయాల వ్యాపారం నడుస్తోంది. అందుకని అది ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

పామూరు దగ్గర ఒక రైతు అనుకుందాం. మే నెలలో టెస్టు చేయిస్తే 2.8 వచ్చింది. భయపడి కషాయం మొదలుపెట్టాడు. కషాయం ఇచ్చినవాళ్లు చెప్పిన పథ్యం ప్రకారం నొప్పి బిళ్లలు మానేశాడు, మాంసం మానేశాడు, ఎండకు పోకుండా నీడన కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. నెల తర్వాత 2.2. ఊరంతా కబురు పాకింది. నిజానికి ఒళ్లు ఎండిపోయినప్పుడు క్రియాటినిన్ పెరుగుతుంది, నీళ్లు అందగానే దిగుతుంది. నొప్పి బిళ్ల ఆపితే దిగుతుంది. టెస్టుకు ముందు మాంసం తినకపోతే కూడా కొంత దిగుతుంది. ఇవన్నీ మంచి పనులే, కషాయం లేకుండా చేసినా అంకె అంతే దిగేది. ఇంకో మోసకారి దిగుడు కూడా ఉంది. క్రియాటినిన్ పుట్టేది కండరం నుంచి. పప్పు లేదు, గుడ్డు లేదు, పాలు లేవు, గంజి ఒకటే అంటూ ఆరు నెలలు కఠిన పథ్యం చేస్తే కండ కరిగిపోతుంది, కండతోపాటు అంకె కూడా తగ్గుతుంది. రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, మనిషి మాత్రం ఎముకల గూడవుతాడు. దెబ్బతిన్న వడపోత గొట్టాలు ఒక్కటి కూడా తిరిగి మొలవలేదు. పసరు కామెర్లలో గెలిచి కిడ్నీలో ఓడిపోయేది ఇందుకే. లివర్ తనను తాను బాగుచేసుకుంటుంది, మచ్చపడిన కిడ్నీకి ఆ శక్తి లేదు.

అయితే పథ్యం అనే మాటను తీసిపారేయడం కూడా పొరపాటే. మన వైద్యంలో మందుతో సమానంగా తిండిని చూసే అలవాటు మంచిది. దాన్ని ఏ రోగానికి, ఎంత, ఎన్నాళ్లు అని కొలిచి వాడినచోట అది నిజంగానే మందు. మూర్ఛ మందులకు లొంగని పిల్లలకు కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉండే కీటో ఆహారం ఇవ్వడం 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మొదలైంది. ఇప్పటికీ వాడుతున్నారు, కానీ గ్రాముల లెక్కన, డాక్టరు కళ్ల ముందు. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు బ్రిటన్‌లో కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీలే ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మాత్ర లేకుండానే షుగర్ అదుపులో ఉంది. వాళ్లెవరూ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు కాదు. ఇన్సులిన్ అసలే పుట్టని టైప్-1 పిల్లవాడికి ఇదే కథ చెప్పి ఇంజక్షన్ ఆపిస్తే రోజుల్లోనే ప్రాణం పోతుంది.

టీబీ సంగతి ఇంకా ఆసక్తికరం. జార్ఖండ్‌లో రోగి ఇంట్లోవాళ్లకు ఆరు నెలలపాటు అదనంగా బియ్యం, పప్పులు, విటమిన్ మాత్రలు ఇస్తే వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. ఇక్కడ పనిచేసింది పథ్యం పేరుతో తిండి తగ్గించడం కాదు, పెంచడం. రోగికి మాత్రలు యథాతథంగా నడిచాయి.

కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రల సంగతి కూడా ఇదే దారిలో చూడాలి. చిరుధాన్యాల ప్రచారకుడు ఖాదర్ వలీ పుణ్యమా అని మళ్లీ ఇళ్లకు చేరిన ఈ ధాన్యాలు ప్రకాశం మెట్టకు కొత్తవి కావు, తాతల నాటి తిండి. పాలిష్ పట్టిన బియ్యం తగ్గించి వీటిని తింటే షుగర్ ఉన్నవాళ్లకు మేలే. వీటితోనే క్యాన్సర్ పోతుందన్న మాటకు మాత్రం మనుషుల మీద చేసిన పరీక్ష ఆధారం లేదు.

కిడ్నీ రోగి దగ్గరికి వచ్చేసరికి మంచి తిండి జాబితా తలకిందులవుతుంది. అందరికీ చలవ చేసే కొబ్బరి బొండంలో 500 నుంచి 700 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాడికి అది లెక్కే కాదు. డయాలసిస్ మధ్య రోజుల్లో ఉన్నవాడికి రెండు బొండాలు గుండె లయ తప్పించగలవు. ఉప్పు తగ్గించమన్నారని ‘లో సోడియం’ ఉప్పు కొంటారు, అందులో సోడియం బదులు పెట్టేది పొటాషియమే. పచ్చి పాలకూర రసం రోజూ తాగితే అందులోని ఆక్సలేట్ కిడ్నీలో పేరుకుంటుంది. ఈ రోగికి నిజంగా ఉపయోగపడే పథ్యం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చినట్టు ఆ నీళ్లు వార్చి పారబోయడం. ఆవకాయ, ఉప్పు చేప పక్కనపెట్టడం. పప్పు ఎంత, గుడ్డు ఎన్ని అన్నది జబ్బు ఏ దశలో ఉందో దాన్నిబట్టి డాక్టరును అడగడం. డయాలసిస్‌కు ముందు ప్రోటీన్ తగ్గించమంటారు, డయాలసిస్ మొదలయ్యాక పెంచమంటారు. ఒకే వీడియో ఇద్దరికీ పనికిరాదన్నమాట.

ప్రకృతి వైద్యం అనగానే గాంధీ గుర్తొస్తారు. నెల్లూరు దగ్గర పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921లో ప్రారంభించింది ఆయనే. మట్టిపట్టీ, తొట్టిస్నానం, ఉపవాసం మీద ఆయనకున్నంత నమ్మకం ఇప్పటి ప్రచారకుల్లో ఎంతమందికుందో చెప్పలేం. ఆ గాంధీయే 1924 జనవరిలో ఎరవాడ జైల్లో అపెండిసైటిస్ వస్తే పుణె ససూన్ ఆస్పత్రిలో ఒక ఇంగ్లీషు సర్జన్ చేత ఆపరేషన్ చేయించుకున్నారు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో పూర్తిచేశారు.

క్యాన్సర్ దగ్గర ఆశకు హద్దుండదు, అందుకే వ్యాపారానికీ ఉండదు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే పేరు లక్ష్మణఫలం, సీతాఫలం జాతి పండు. దాని ఆకు రసం గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజం. గాజు పళ్లెంలో బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. మనిషి ఒంట్లో మంచి కణాలను వదిలి గడ్డనే పట్టుకుంటుందా అన్నది అసలు పరీక్ష, అది ఈ పండు దాటలేదు. కరేబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండు, ఆకు టీ ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి వణుకుడు జబ్బు కనిపించిందని 1999లోనే రాశారు. 2018లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. నయం చేయడానికి వీలున్న దశలో దొరికిన క్యాన్సర్‌కు ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. చనిపోయే ముప్పు మొత్తం మీద రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయిదున్నర రెట్లు దాటింది. అలా ఎంచుకున్నవాళ్లలో చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లే ఎక్కువ. నాటు మందుల వెంట పడేది చదువు లేనివాళ్లనే మాట ఇక్కడ నిలవదు.

మొక్కల్లో మందు లేదని కాదు. సముద్రం ఒడ్డు ఇసుకలో, ప్రతి ఇంటి గోడవార పూసే బిళ్ళగన్నేరునే చూడండి. షుగర్‌కు మంచిదని పొద్దున్నే నాలుగాకులు నమిలేవాళ్లు నెల్లూరులో ఇప్పటికీ ఉన్నారు. జమైకాలో కూడా అదే నమ్మకం ఉండేది. అది విని కెనడా పరిశోధకులు 1950లలో ఆ ఆకు సారాన్ని ఎలుకలకు ఇచ్చారు. షుగర్ తగ్గలేదు, రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఎలుకలు చచ్చాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్తక్యాన్సర్‌కు ఇది మందు కాగలదని వాళ్లకు తట్టింది అక్కడే. అలా దొరికిన విన్‌బ్లాస్టిన్, ఆ వెనకే అదే ఆకులో దొరికిన విన్‌క్రిస్టిన్ లక్షల మంది పిల్లల్ని బతికించాయి. విన్‌క్రిస్టిన్‌ను పెద్దవాళ్లకు సైతం ఒకసారికి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, అంత తీక్షణమైనది. గుప్పెడు ఆకులో అది ఎంతుందో నమిలేవాడికీ తెలియదు, ఇచ్చినవాడికీ తెలియదు.

క్యాన్సర్, షుగర్, పక్షవాతం లాంటి 54 జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారమే నేరం. కేబుల్ టీవీ చూసేవాళ్లకు ఆ చట్టం ఉన్నట్టే తెలియదు.

అయినా జనం ఎందుకు పోతారంటే, నెల్లూరు పోగతోట ఆస్పత్రుల ఓపీలో మూడు గంటలు కూర్చుంటే దొరికేది మూడు నిమిషాలు. చెన్నైకో వెల్లూరుకో పోవాలంటే తోడు ఒకరు, రూము అద్దె, పోయిన కూలి. వైద్య ఖర్చు ప్రభుత్వ పథకం భరించినా ఇవి భరించదు. పసరు పోసే ఇంట్లో ‘ఎట్టా ఉంది నాయనా’ అని అడుగుతారు, చేయి పట్టుకుని చూస్తారు. ఆ ఓదార్పు అవసరమే. మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు వచ్చి నెల్లూరు స్వర్ణాల చెరువులో ఆరోగ్యం కోరుతూ రొట్టె పట్టుకునేవాళ్లలో ఆస్పత్రి ఫైళ్లున్నవాళ్లు ఎందరో. రొట్టె పట్టుకున్నావు కాబట్టి డయాలసిస్ మానెయ్ అని ఆ చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో ఎవరూ చెప్పరు. ఏ ఆకు, ఏ పొడి, ఏ పథ్యం దగ్గరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: డాక్టరు మందు ఆపమంటున్నారా? ఆపమంటే అక్కడే లేచి రావచ్చు.

రెండో చిక్కు దాచడం. కేకలేస్తారని నాటు మందు సంగతి డాక్టరుకు చెప్పరు. ఆయన క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో తెలియక బీపీ మాత్ర మారుస్తాడు, ఇంకో టెస్టు రాస్తాడు. తిట్టే డాక్టర్ల తప్పు కూడా ఇందులో ఉంది. ‘ఇంకేమైనా వాడుతున్నారా’ అని మామూలు గొంతుతో అడిగితే సగం మంది చెబుతారు. చెప్పాల్సింది కూడా ఎక్కువేమీ లేదు. ఏ తేదీన మొదలుపెట్టారు, రోజుకు ఎన్నిసార్లు, అది మొదలయ్యాక కొత్తగా వచ్చిన వాపు, వాంతి, దద్దురు ఏమైనా ఉన్నాయా. సీసా మీద పేరుంటే ఫోనులో ఫోటో తీసుకోవచ్చు. పేరు లేని పొడి అయితే ఆ పొట్లాన్నే రిపోర్టులున్న సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టాలి.